వినబడుతోంది, కానీ అర్థం కావడం లేదు

(చెవి, ముక్కు, గొంతు సమస్యలపై ఒక వైద్యుడు చేసిన ప్రసంగానికి రికార్డింగు ఆధారంగా రాసిన పాఠం. రాలేకపోయినవారి కోసం.)

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న. చివరి వరుసల్లో కూర్చున్నవారికి నా మాట వినబడుతోందా? చాలామంది చేతులెత్తారు, సంతోషం. ఇప్పుడు రెండో ప్రశ్న. వినబడుతున్న మాట ఏ అక్షరానికి ఆ అక్షరంగా తెలుస్తోందా? ఈసారి కొన్ని చేతులు కిందికి దిగాయి. ఆ దిగిన చేతుల గురించే ఈ రోజు మాట్లాడబోతున్నాను. నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో చాలామంది మొదట చెప్పే వాక్యం ఒకటే. "డాక్టరుగారూ, నాకు వినబడుతోంది, కానీ అర్థం కావడం లేదు." పక్కన నిలబడ్డ కొడుకో కూతురో వెంటనే అందుకుని, "తనకు కావలసినవి మాత్రం బాగానే వినబడతాయండీ" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి మాటా ఎలా నిజమవుతుందో తెలిస్తే, ఆ ఇంట్లో గొడవ సగం అక్కడే ఆగిపోతుంది.

మనకొక సామెత ఉంది. "చెవిటి పెద్దమ్మా, చేంతాడు తేవే అంటే చెవులపోగులు నావే అన్నదట." తరతరాలుగా దీన్ని చెప్పుకుని నవ్వుకుంటున్నాం. ఈ వృత్తిలోకి వచ్చిన తరువాత నేను ఈ సామెతను నవ్వకుండా, చెవి పెట్టి విన్నాను. మీరూ వినండి. చేంతాడు తేవే. చెవులపోగులు నావే. మొదటి అక్షరం ఇంచుమించు అదే, చివరి అక్షరం అదే, మాటల తూగు కూడా అదే. మధ్యలో ఉన్నదే జారిపోయింది. జారిపోయిన చోటును ఆ పెద్దమ్మ తనకు తోచిన మాటతో పూడ్చుకుంది. ఆవిడకు శబ్దం అందింది, అక్షరాలు అందలేదు, అందని వాటిని మెదడు ఊహించుకుంది. అంత తక్కువ ఆధారంతో ఒక పూర్తి వాక్యాన్ని నిలబెట్టుకున్న మనిషిని మనం తెలివితక్కువదానిగా లెక్కగట్టాం. వినికిడి లోపం మాటను ఎలా పాడుచేస్తుందో ఆ సామెత అచ్చుగుద్దినట్లు చెబుతోంది, మనమే దాన్ని పట్టించుకోలేదు.

అసలు ఏ అక్షరాలు ముందుగా పోతాయి? మన అక్షరమాలనే తీసుకుందాం. అచ్చులకు బలం ఎక్కువ, స్థాయి తక్కువ. స్థాయి అంటే శబ్దం ఎంత కీచుగా, ఎంత గంభీరంగా ఉందనేది, దాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. ఆ, ఓ, ఊ అని పలికినప్పుడు శబ్దశక్తిలో ఎక్కువ భాగం 1000 హెర్ట్జ్‌కు లోపలే ఉంటుంది. హల్లుల్లో స, శ, త, క, చ, ప వంటివి గాలి ఒరిపిడితోనో చిన్న పేలుడుతోనో పుట్టే బలహీనమైన శబ్దాలు. వాటిని ఒకదాని నుండి మరొకదాన్ని వేరుచేసే గుర్తులు ఎక్కువగా 2000 హెర్ట్జ్‌కు పైన ఉంటాయి. మాటకు నిండుదనం అచ్చు ఇస్తుంది, మాటకు అర్థం హల్లు ఇస్తుంది. 'చాలు', 'కాలు', 'తాలు' అనే మూడు మాటల్లో తేడా ఎంత? ఒక్క హల్లు. ఆ హల్లు పోతే మిగిలేది 'ఆలు' అనే ఒక మూట మాత్రమే. వయసుతో వచ్చే వినికిడి లోపం మొదట పై స్థాయి శబ్దాలనే తీసుకుపోతుంది. అందుకే మనిషి మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమి మాట్లాడుతున్నాడో తెలియదు. స్త్రీల గొంతు, పిల్లల గొంతు మరింత కష్టమవుతాయి. మనవరాలు చెప్పినది తాతగారికి అందకపోవడం, అదే గదిలో స్నేహితుడు చెప్పినది అందడం ప్రేమలో తేడా వల్ల కాదండీ, స్థాయిలో తేడా వల్ల.

పై స్థాయి శబ్దాలే ముందు ఎందుకు పోతాయి? దీనికోసం ఒక్కసారి చెవి లోపలికి వెళ్లాలి. బయటి చెవి నుండి రెండున్నర సెంటీమీటర్ల గొట్టం గుండా శబ్దం కర్ణభేరిని చేరుతుంది. అది ఇంచుమించు ఒక సెంటీమీటరు వెడల్పు, మిల్లీమీటరులో పదో వంతు మందం గల పొర. దాని వెనక సుత్తి, దాగలి, రికాబు ఆకారాల్లో మూడు ఎముకలు గొలుసుగా ఉంటాయి. రికాబు ఎముక మన శరీరంలో అన్నిటికన్నా చిన్నది, ఇంచుమించు మూడు మిల్లీమీటర్లే. ఇంత ఏర్పాటు ఎందుకు? లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలో వచ్చిన శబ్దం నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి తిరిగిపోతుంది. చెరువులో మునిగినప్పుడు గట్టున మాటలు ఎలా మాయమవుతాయో గుర్తు తెచ్చుకోండి. ఆ నష్టాన్ని పూడ్చడానికే కర్ణభేరి తనకన్నా 17 రెట్లు చిన్నదైన కిటికీ మీదికి శబ్దాన్ని కేంద్రీకరించి, ఒత్తిడి పెంచి పంపుతుంది.

ఆ కిటికీ వెనక కాక్లియా ఉంటుంది. నత్తగుల్లలాగా రెండున్నర చుట్లు తిరిగిన, విప్పితే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవుండే గొట్టం. అందులో దాదాపు 15,000 రోమకణాలు, అంటే సన్నని వెంట్రుకల్లాంటి కొసలతో శబ్దాన్ని పసిగట్టే కణాలు, వరుసలు తీరి ఉంటాయి. ద్వారం దగ్గరివి పై స్థాయిని, లోపలి కొన దగ్గరివి కింది స్థాయిని అందుకుంటాయి. శబ్దం ఈ గొట్టంలో అలలాగా ప్రయాణించి ఒక్కో స్థాయికి ఒక్కో చోట ఎత్తుకు లేస్తుందని చూపినందుకు గేయోర్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది. వయసు, పెద్ద శబ్దాలు, కొన్ని మందులు, ఏది దెబ్బతీసినా ముందుగా దెబ్బతినేది ద్వారం దగ్గరి కణాలే. పక్షుల్లో ఈ కణాలు పోతే మళ్లీ పుడతాయి. మనకు పుట్టవు. పుట్టినప్పుడు ఉన్నవే చివరిదాకా, దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి.

ఈ రోమకణాల్లో రెండు రకాలున్నాయి. ఒక రకం మెదడుకు కబురు పంపుతుంది. సంఖ్యలో ఎక్కువగా ఉండే రెండో రకం, మెల్లని శబ్దాన్ని లోపలే పెంచి మొదటి రకానికి అందిస్తుంది. ముందుగా దెబ్బతినేది ఈ రెండో రకం. దాని ఫలితం ఏమిటి? మెల్లగా అన్నది వినబడదు, గట్టిగా అన్నది మాత్రం ఎప్పటిలాగే గట్టిగా తాకుతుంది. ఇప్పుడు మీ ఇళ్లలో రోజూ జరిగే సంభాషణ గుర్తు చేసుకోండి. పెద్దాయన "ఏమిటీ?" అంటారు. మీరు మళ్లీ చెబుతారు. "ఏమిటీ?" అంటారు. మూడోసారి అరుస్తారు. ఆయన "ఎందుకలా అరుస్తావు, నేనేం చెవిటివాణ్ణా?" అంటారు. ఆయన నటించడం లేదు. వినబడని శబ్దానికీ బాధపెట్టే శబ్దానికీ మధ్య ఉండవలసిన వెడల్పైన దారి ఆయనకు ఇరుకైపోయింది. పైగా అరిచినప్పుడు మనం పెంచేది అచ్చునే. ఆయనకు లోటుగా ఉన్నది హల్లు. అరుపు వల్ల కోపం చేరుతుంది గానీ అక్షరం చేరదు.

మరి "కావలసినవి మాత్రం వినబడతాయి" అన్న ఆరోపణ సంగతేమిటి? గది నిశ్శబ్దంగా ఉండి, ముఖం కనబడుతూ, తెలిసిన విషయం గురించి ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు మెదడు ఖాళీలను సులువుగా పూరించగలుగుతుంది. నలుగురు ఒకేసారి మాట్లాడుతున్నప్పుడు, ఫ్యాను మోత మధ్య, వీపు తిప్పి అన్నప్పుడు ఆ పూరింపు సాగదు. ఆయన ఎంచుకోవడం లేదు, పరిస్థితులు ఎంచుతున్నాయి. ఈ పూరింపు పని ఊరికే జరగదు, దానికి మెదడు శ్రమపడుతుంది. రోజంతా ఊహిస్తూ విన్న మనిషి సాయంత్రానికి అలసిపోయి విసుక్కుంటాడు, లేదా నలుగురిలో కూర్చోవడమే మానేస్తాడు.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. చెవి వైద్యుణ్ణి అయివుండి, మా నాన్నగారి వినికిడి తగ్గిందని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఫోను రాగానే అమ్మ చేతికి ఇచ్చేసేవారు. ఏమి అడిగినా చిరునవ్వుతో తల ఊపేవారు. చుట్టాలు వస్తే కాసేపు కూర్చుని లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. పెద్దతనం, నెమ్మదితనం అనుకున్నాను. ఒక రోజు నేను "కాలినొప్పి తగ్గిందా?" అని అడిగితే ఆయన "తరువాత తింటానులే" అన్నారు. ఆ జవాబు విన్న క్షణం నుండి ఈ రోజు వరకు నాకు ఆ రెండేళ్ల గురించి బాధ ఉంది. ఆ రెండేళ్లూ ఆయన మా మధ్యనే ఒంటరిగా ఉన్నారు. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను. తల ఊపుతున్నారంటే విన్నారని అర్థం కాదు.

ఇక లోపాల్లో రకాలు. కర్ణభేరి దాకా గానీ మూడు ఎముకల్లో గానీ అడ్డు ఏర్పడితే అది శబ్దం చేరే దారిలో వచ్చిన లోపం. కాక్లియాలో గానీ నరంలో గానీ దెబ్బ తగిలితే అది నాడీసంబంధమైన లోపం. రెండూ కలిసి ఉండవచ్చు. మొదటి రకంలో చాలావాటిని మందుతోనో శస్త్రచికిత్సతోనో సరిచేయగలం. రికాబు ఎముక బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది, చెవి చూస్తే ఏ తేడా కనబడదు, కర్ణభేరి మామూలుగానే ఉంటుంది. 1956లో జాన్ షే అనే అమెరికా వైద్యుడు ఆ ఎముకను తీసి కృత్రిమమైనదాన్ని అమర్చి ఈ చికిత్సకు కొత్త దారి తెరిచారు. రెండో రకాన్ని చాలావరకు వెనక్కి తిప్పలేం, సాయం మాత్రం చేయగలం. ఒక్క సందర్భం తప్ప. ఆ సందర్భం కోసమే ఇప్పుడు మీతో ఒక చిన్న పరీక్ష చేయిస్తాను.

అందరూ నోరు మూసుకుని 'మ్' అని సన్నగా మూలగండి. ఆపకండి. ఇప్పుడు కుడి చెవిని వేలితో మూయండి. శబ్దం ఎటు వెళ్లింది? కుడి వైపుకు, అవునా? మూసిన చెవిలోనే ఎక్కువ మోగింది. ఇప్పుడు చెయ్యి తీసేయండి. దీన్ని ఎందుకు చేయించానో చెబుతాను. ఒక రోజు నిద్ర లేచేసరికి మీకు ఒక చెవి వినబడడం లేదనుకోండి. గులిమి చేరిందేమో, జలుబు చేసిందేమో అనుకుంటారు. చాలాసార్లు అది నిజమే. అప్పుడు ఇలాగే 'మ్' అనండి. శబ్దం ఆ వినబడని చెవిలోనే ఎక్కువ మోగితే అడ్డు ఏదో ఉందని ఊహించవచ్చు. బాగున్న చెవి వైపు వెళ్లిపోతే మాత్రం లోపలి చెవికి దెబ్బ తగిలి ఉండవచ్చు, అది అత్యవసరం. మూడు రోజుల లోపల ఒక్కసారిగా వచ్చే ఈ నాడీ వినికిడి లోపానికి స్టీరాయిడ్ మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఆశ ఉంటుంది. రెండు వారాలు దాటితే ఆశ బాగా సన్నగిల్లుతుంది. చెవిలో చుక్కలు వేసుకుంటూ నెల గడిపి వచ్చినవారిని చూసినప్పుడు మేము పడే బాధ మాటల్లో చెప్పలేను. ఈ మూలుగు పరీక్ష వైద్యుడి పరీక్షకు బదులు కాదు. ఇది ఆ రోజే బయలుదేరాలని మీకు చెప్పే గంట. ఫలితం ఎటు వచ్చినా సరే, ఒక్కసారిగా వినికిడి పోతే అదే రోజు చూపించుకోండి.

గులిమి మాట వచ్చింది కాబట్టి దాని గురించి. గుబిలి అని కూడా అంటారు. అది మురికి కాదు. చెవి గొట్టంలోని చర్మాన్ని తడి నుండి, క్రిముల నుండి కాపాడడానికి శరీరం తయారుచేసుకున్న పూత. ఆ గొట్టంలో చర్మం లోపలి నుండి బయటికి దానంతట అదే నెమ్మదిగా కదులుతూ ఉంటుంది, గులిమిని వెంట తీసుకువస్తుంది. మనం దూది పుల్ల పెట్టి తిప్పితే బయటికి వచ్చేదాన్ని లోపలికి నెట్టి దట్టిస్తాం. హెయిర్‌పిన్నులు, అగ్గిపుల్లలు, తాళంచెవులు పెట్టి కర్ణభేరికి చిల్లు పడి వచ్చినవారున్నారు. కాచిన నూనె పోయడం, చెవి పోటుకు ఆకుల పసరు పిండడం వల్ల చర్మం కాలుతుంది, బూజు పడుతుంది. గులిమి గట్టిపడి అడ్డంగా ఉంటే మెత్తబరిచే చుక్కలు ఉన్నాయి, వైద్యుడు తీసే పద్ధతులు ఉన్నాయి. చెవికి చిల్లు ఉన్నవారు మాత్రం ఏ చుక్కలూ సొంతంగా వేసుకోకూడదు. పిల్లలు చెవిలోనో ముక్కులోనో గుండ్రటి చిన్న బ్యాటరీ పెట్టుకుంటే చుక్కలు వేయకండి, మరునాటికి వాయిదా వేయకండి. కొద్ది గంటల్లోనే అది లోపలి కణజాలాన్ని కాల్చేస్తుంది.

ఇక పిల్లల చెవి. చెవి, ముక్కు, గొంతు మూడింటినీ ఒకే వైద్యుడు ఎందుకు చూస్తాడని మీలో కొందరికి సందేహం ఉండవచ్చు. జవాబు ఒక సన్నని గొట్టంలో ఉంది. మధ్య చెవి నుండి ముక్కు వెనక భాగానికి యూస్టేషియన్ గొట్టం అనే దారి ఉంది. మనం గుటక వేసినప్పుడు, ఆవలించినప్పుడు అది తెరుచుకుని మధ్య చెవిలోకి గాలి పంపుతుంది. పిల్లల్లో ఈ గొట్టం పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. ముక్కు వెనక అడినాయిడ్ అనే కండ పెరిగితే ఆ దారి మూతబడుతుంది. గాలి అందని మధ్య చెవిలో జిగట నీరు చేరుతుంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, చీము ఉండదు. పిల్లవాడు పిలిస్తే పలకడు, టీవీ దగ్గరికి జరుగుతాడు, బడిలో పరధ్యానంగా ఉన్నాడని మాటపడతాడు. నోరు తెరిచి నిద్రపోయే, గురక పెట్టే పిల్లవాడు చదువులో వెనకబడితే, వాణ్ణి దండించే ముందు వాడి చెవి చూపించండి. ఈ నీరు చాలామందిలో మూడు నెలల్లో తనంతట తానే పోతుంది. పోకుండా వినికిడిని తగ్గిస్తే కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం పెట్టి గాలికి దారి ఇస్తాం. పెద్దవాళ్లలో ఒకే చెవిలో ఇలా నీరు చేరితే మాత్రం మేము తప్పకుండా ముక్కు వెనక కెమెరాతో చూస్తాం, అక్కడ గడ్డ ఏదైనా ఆ దారిని నొక్కుతోందేమోనని.

చీము కారే చెవి వేరే సంగతి. చీము ఆగినప్పుడల్లా తగ్గిందనుకుని సంవత్సరాలు గడిపేస్తారు. నీళ్లలాగా, వాసన లేకుండా, జలుబుతో పాటు వచ్చిపోయే చీమైతే సాధారణంగా కర్ణభేరిలో చిల్లు ఉందని అర్థం, దాన్ని పూడ్చవచ్చు. కొద్దికొద్దిగా వస్తూ దుర్వాసన వేసే చీమును చులకనగా చూడకండి. కర్ణభేరి వెనక చర్మం పోగుపడి ఎముకను తినేసే కొలెస్టియటోమా అనే జబ్బు కావచ్చు. అది ముఖం నరాన్ని దెబ్బతీసి మూతి వంకర చేయగలదు, పైనున్న మెదడు పొరలకు పాకగలదు. దీనికి శస్త్రచికిత్స ఒక్కటే దారి.

ముక్కు విషయంలో నేను ఎక్కువసేపు తీసుకోను, కానీ మూడు సంగతులు చెప్పక తప్పదు. మొదటిది, జలుబు. చీమిడి పసుపుగానో పచ్చగానో మారినంత మాత్రాన యాంటీబయాటిక్ అవసరమని కాదు. వైరస్ జలుబులోనూ రంగు మారుతుంది. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గుతూ మళ్లీ జ్వరంతో తిరగబెట్టినా అప్పుడు ఆలోచించాలి. రెండోది, ముక్కు దిబ్బడకు వేసుకునే చుక్కలు. జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ అనే పేర్లు సీసా మీద చూడండి. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది, హాయిగా ఉంటుంది. ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం దిగగానే లోపలి పొర ముందుకన్నా ఎక్కువగా వాస్తుంది. మళ్లీ చుక్కలు, మళ్లీ వాపు. ఏళ్ల తరబడి ఆ సీసాను దిండు కింద పెట్టుకుని నిద్రపోతున్నవారున్నారు. అలర్జీకి మేము రాసే స్టీరాయిడ్ స్ప్రే వేరు. అది నెమ్మదిగా, రోజుల మీద పనిచేస్తుంది, చాలాకాలం వాడదగినది. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టుకుంటే మందు మధ్య గోడకు తగలకుండా బయటి వైపు పడుతుంది. మధ్య గోడకే కొడుతూ ఉంటే రక్తం వస్తుంది. మూడోది, ఆ రక్తమే. ముక్కు నుండి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి. ముందుకు వంగి కూర్చుని, ముక్కు మెత్తని భాగాన్ని రెండు వేళ్లతో పదిహేను నిమిషాలు వదలకుండా గట్టిగా నొక్కి, నోటితో గాలి పీల్చండి. మధ్యలో తీసి చూడకండి. తల వెనక్కి వాలిస్తే రక్తం ఆగదు, గొంతులోకి దిగుతుంది, అంతే.

గొంతు నొప్పుల్లోనూ ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే, వాటంతట అవే తగ్గుతాయి. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే మాత్రం స్వరపేటికను చూపించుకోవాలి, పొగాకు అలవాటు ఉన్నవారు మరీ ముఖ్యంగా. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, మెడలో తగ్గని గడ్డ, మింగడానికి ఇబ్బంది కూడా అంతే. ఒక విచిత్రం చెబుతాను. గొంతులో, నాలుక మొదట్లో జబ్బు ఉంటే కొందరికి నొప్పి చెవిలో తెలుస్తుంది, ఎందుకంటే రెండింటికీ వెళ్లే నరాల మొదలు ఒకటే. చెవి శుభ్రంగా ఉండి, ఒకే వైపు చెవి పోటు వదలకపోతే గొంతు చూడమని మీరే అడగండి.

మళ్లీ వినికిడికి వస్తాను. ఇక్కడున్న యువతీయువకులు ఈ భాగం వినాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 43 కోట్ల మందికి పైగా వినికిడి లోపానికి చికిత్సో సాయమో అవసరం, 2050 నాటికి ఆ సంఖ్య 70 కోట్లకు చేరవచ్చు. దీనిలో పెద్ద శబ్దాల వాటా పూర్తిగా ఆపగలిగినది. శబ్దం బలాన్ని కొలిచే డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది, పది పెరిగితే పదింతలవుతుంది. 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు వినవచ్చు. 90 వద్ద వారం మొత్తానికి 4 గంటలే. పదే పెరిగిందని అనిపిస్తుంది, గంటలు మాత్రం పదో వంతుకు పడిపోతాయి. చెవిలో పెట్టుకునే పరికరంలో శబ్దం పూర్తిగా పెంచితే 100 కూడా దాటవచ్చు. హోరెత్తే చోటి నుండి బయటికి వచ్చాక చెవులు గుయ్యిమంటూ మందగించినట్లు ఎప్పుడైనా అనిపించిందా? మరునాటికి తగ్గింది కదా అనుకుంటాం. వినికిడి పరీక్షలో మామూలుగానే కనబడినా, రోమకణానికీ నరానికీ మధ్య ఉండే అతుకులు అప్పటికే కొన్ని తెగి ఉండవచ్చని 2009లో ఎలుకలపై జరిగిన పరిశోధన చూపింది. ఆ గుయ్యిమనే మోత చెవి పెడుతున్న మొర.

పుట్టుకతో వచ్చే లోపం గురించి చెప్పకుండా దిగిపోలేను. వెయ్యి మంది శిశువుల్లో ఒకరి నుండి ముగ్గురి దాకా చెప్పుకోదగిన వినికిడి లోపంతో పుడతారు. వినికిడి లేని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊ కొడుతుంది, కేరింతలు కొడుతుంది. తల్లి ముఖం చూసి నవ్వుతుంది. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. చప్పట్లు కొట్టి చూసి సరిపెట్టుకోకండి. నెల లోపల పరీక్ష, మూడు నెలల్లో నిర్ధారణ, ఆరు నెలలకు సాయం మొదలు, ఇదీ వైద్యులు పెట్టుకున్న గడువు. పరీక్షకు నొప్పి లేదు, బిడ్డ నిద్రలో ఉండగానే చేస్తారు. ఇంత తొందర ఎందుకంటే, మెదడులో భాషకు దారులు వేసుకునే కాలం మొదటి మూడు నాలుగేళ్లే. వినికిడి మిషను సరిపోని బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది. అది చెడిన రోమకణాలను దాటవేసి నరానికే నేరుగా విద్యుత్ సంకేతం పంపుతుంది. శస్త్రచికిత్సతో పని అయిపోదు, తరువాత ఏళ్లపాటు మాట నేర్పించే శిక్షణ సగం బలం. సంజ్ఞాభాషను ఎంచుకునే కుటుంబాలున్నాయి. వ్యాకరణంతో, సొగసుతో అదీ పూర్తి భాషే. బిడ్డను ఏ భాషా లేకుండా ఉంచడం ఒక్కటే తప్పు. రుబెల్లా, తట్టు, గవదబిళ్లలకు టీకాలు వేయించడం వల్ల కూడా చాలామంది పిల్లల చెవులు దక్కుతాయి.

చివరగా వినికిడి మిషను. కళ్లజోడు పెట్టుకోగానే అక్షరాలు కనబడతాయి, మిషను పెట్టుకోగానే మాట ఎందుకు తెలియదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఏళ్లుగా మెదడు ఫ్యాను మోతను, కాగితం చప్పుడును, తన అడుగుల సవ్వడిని మరిచిపోయింది. అవన్నీ ఒక్కసారిగా తిరిగి వస్తాయి. ఏది వినాలో, ఏది వదిలేయాలో మెదడు మళ్లీ నేర్చుకోవడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. మా నాన్నగారు మొదటి రోజు మిషను తీసి బల్ల మీద పెట్టేశారు. మరునాడు ఇంట్లో ఒక గంట పెట్టుకున్నారు, ఆ వారం చివరికి రెండు గంటలు. రెండు నెలలకు ఫోను తానే ఎత్తారు. ముందుగా పరీక్ష చేయించి, ఏ స్థాయిలో ఎంత లోపమో చూసి, దానికి తగినట్లు సరిచేసిన మిషనే తీసుకోండి. అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే పరికరం ఇందాక చెప్పిన ఆ ఇరుకు దారిలోకి అరుపును తోస్తుంది. ఆలస్యం చేయకండి. మతిమరుపు జబ్బులకు దోహదం చేసే, మనం సరిచేసుకోగలిగిన 14 అంశాల్లో వినికిడి లోపాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో ఒకటిగా చెప్పింది. లోపం ఉన్న ప్రతివారికీ మతిమరుపు వస్తుందని దీని అర్థం కాదు. ఎప్పుడో చూసుకుందాంలే అనుకునే సంగతి మాత్రం కాదు.

మిషను వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా, ఇంట్లోవాళ్లు చేయవలసినవి ఉన్నాయి. ముందు పేరు పెట్టి పిలవండి, ఆయన మీ వైపు తిరిగాక మాట మొదలుపెట్టండి. వెలుగు మీ ముఖం మీద పడేలా నిలబడండి. టీవీ ఆపండి. అరవకండి, నిదానంగా చెప్పండి. అర్థం కాకపోతే అదే మాటను నాలుగుసార్లు అనకుండా వేరే మాటల్లో చెప్పండి, అందని హల్లు ఎన్నిసార్లు అన్నా అందదు కనుక. ఇంకొకటి, దయచేసి "ఏం లేదులే, వదిలేయ్" అనకండి. మా దగ్గరికి వచ్చేవారిని అన్నిటికన్నా ఎక్కువగా బాధపెట్టిన మాట ఏమిటని అడిగితే చాలామంది ఇదే చెబుతారు.

చెవిలో హోరు, తల తిరగడం గురించి చీటీలు పంపినవారున్నారు, వాటికి ఇప్పుడు జవాబులు చెబుతాను. అడిగేవారు దయచేసి లేచి, ఇటు తిరిగి, మైకు పట్టుకుని అడగండి. ప్రతి ప్రశ్ననూ నేను మళ్లీ ఒకసారి పైకి చెప్పి అప్పుడు జవాబు ఇస్తాను. వెనక కూర్చుని ఇందాక చేతులు దించిన అమ్మగారూ, మీరు ముందు వరుసలోకి రండి, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది.